ఈడ్పు కొమ్మ

మడ్‌గార్డు రేకు చప్పుడు విన్నాను. అది చిన్నప్ప సైకిల్. మనిషి ఇంకా కనపడలేదు, కింద మలుపుల్లో ఎక్కడో చెట్ల చాటున ఉన్నాడు, మా పల్లె వైపు నుంచి తోసుకుంటూ ఎక్కుతున్నాడు, చక్రం రాయి ఎక్కి దిగినప్పుడల్లా ఆ రేకు గలగలమంటుంది, ఏళ్ళుగా అంతే, ఒక బోల్టు బిగించుకుంటే పోతుంది, బిగించుకోడు. అదీ అతని సంగతి. నేను గూని కనుమ మీద బండ పక్కన కూర్చుని ఉన్నాను. నా సైకిల్ స్టాండు వేసి ఉంది. క్యారియర్‌కి రెండు వైపులా సీతాఫలాల గంపలు, మాచర్ల బజారుకి. ఒళ్ళో ఈడ్పు కొమ్మ. కనుమ మీద ఈ రోజు ఒక్కటే ఉంది.

ఇవతలి వైపు మన్ను, అవతలి వైపు నాపరాయి. పలకలు పలకలుగా పొరలు లేచిన బాట, వాటి మీద గులక, మలుపు తర్వాత మలుపు, కింద సాగర్ రోడ్డు దాకా. బరువుతో దిగితే బ్రేకు రబ్బర్లు సగం దారిలోనే కాలిన వాసన కొడతాయి, ఆ తర్వాత పట్టవు. అందుకని ఎండిన చండ్ర కొమ్మని తాడుతో వెనక కట్టి ఈడ్చుకుంటూ దిగుతాం. పంగ నేలని పట్టుకుంటుంది, సైకిల్ పరిగెత్తదు, హ్యాండిల్ చూసుకుంటే చాలు. కింద విప్పిన కొమ్మని తిరిగి వచ్చేటప్పుడు క్యారియర్ మీద వేసుకొచ్చి ఈ బండ పక్కన పెట్టాలి. కొమ్మతో దిగినవాడు కొమ్మతో ఎక్కాలి. తాతల నాటి ఆచారం కాదు, సైకిళ్ళు వచ్చాక పుట్టింది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. గట్టు తగాదాలో గురజాల కోర్టుకెక్కినవాళ్ళు కూడా ఒకడు తెచ్చిన కొమ్మతో ఇంకొకడు దిగాడు, నోరెత్తలేదు. కొత్తది కొట్టుకోవడానికి లేదు. ఫారెస్టు గార్డు గొడ్డలి చూస్తే సైకిల్ పట్టుకుపోతాడు. కొట్టడానికి ఈ బండ చుట్టుపక్కల చండ్ర చెట్టు కూడా మిగల్లేదు, మోకాలెత్తు రేగుతుప్పలు తప్ప. ఉన్న కొమ్మలే తిరగాలి, కిందకీ పైకీ. అరిగిపోతాయి, విరిగిపోతాయి. కొందరు పొయ్యిలో పెడతారు. కొందరు కాదు. ఒకడు.

రేకు చప్పుడు ఆగింది. ఊపిరి తీసుకుంటున్నాడు. తీసుకోనీ. గాలి లేదు, వాన పడి చాలా రోజులైంది, కనుమ మీద ఎండ బండని కాలుస్తోంది, బండ నన్ను కాలుస్తోంది. పండ్లు ఇప్పటికే మెత్తబడుతున్నాయి, వాసన వస్తోంది, ఈగలు. కరుణమ్మకి ఈ వాసన పడేది కాదు. పండు తినేది కాదు, గింజలు మాత్రం దాచిపెట్టి దంచి పేలు పోవడానికి తలకి పట్టించుకునేది, కళ్ళల్లో పడతాయే అంటే వినేది కాదు. నా భార్య. ఈ కనుమ మీద నిలబడి కింద దిగేవాళ్ళ ఈడ్పు చప్పుడు విని మనిషి ఎవరో చెప్పేది. గరగర ఒకే తీరుగా వస్తే ఏసయ్య, ఆగి ఆగి వస్తే ముసలి అలీ సాహెబ్, మధ్యలో ఎగిరెగిరి పడితే తన తమ్ముడు, ఈ చిన్నప్ప. నేను దిగుతుంటే పళ్ళు నూరినట్టుంటుందట. "కొండ మీద కూడా కోపమేనయ్యా నీకు?" అనేది. క్యారియర్ మీద పక్కకి కూర్చుని సీటు కింద స్ప్రింగులు పట్టుకునేది, నా నడుం పట్టుకునేది కాదు. నడుం పట్టుకోవే, పడతావు అంటే ఊరోళ్ళు చూస్తారనేది. అడవిలో ఊరోళ్ళేందే అన్నాను ఒకసారి. "కోతులు లేవా?" అంది. స్ప్రింగుల నూనె ఆమె వేళ్ళకి అంటుకునేది, రవికకి తుడుచుకునేది, ఆ మరకలు పోలేదు, ఆ రవికలు పెట్టెలో ఉన్నాయి, పెట్టె నేను తెరవను.

మలుపు దగ్గర చెట్లు పలచబడతాయి. అక్కడ కనపడ్డారు. అతను ముందుకు వంగి తోస్తున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుంది. క్యారియర్ మీద హన్నమ్మ, అతని పెళ్ళాం, నెలలు నిండిన మనిషి, సీటు మీద తల ఆనించి రెండు చేతులతో స్ప్రింగులు పట్టుకుంది. స్ప్రింగులే. మళ్ళీ చెట్ల చాటుకి పోయారు. పొద్దున మంత్రసాని మాబున్నీసా వాళ్ళ వాకిట్లో చేతులు కడుక్కుంటూ బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోండి అని చెప్పడం విన్నాను. మా రెండిళ్ళకి మధ్య ఒక ముళ్ళకంచె. విన్నాను, గంపలు కట్టుకుని బయలుదేరాను, వాళ్ళకంటే ముందు చేరాను. కొమ్మలు ఉంటాయనుకున్నాను. ఒకటే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది తప్పు కాదు. ముందు వచ్చినవాడిది కొమ్మ. కట్టుకుని దిగిపోతే ఈపాటికి సగం దారిలో ఉండేవాణ్ణి. దిగలేదు. అతని ముఖం చూడాలి. బండ పక్కన ఖాళీ నేల చూసినప్పుడు మనిషి ముఖం ఎట్లా అవుతుందో నాకు తెలుసు, లోపలి నుంచి తెలుసు. బయటి నుంచి చూడలేదు.

ఆ రోజు కూడా ఇట్లాగే ఎండ. కడుపు పోయింది కరుణమ్మకి, రాత్రి నుంచి రక్తం, ఆగలేదు. పాత చీరలన్నీ అయిపోయాయి, నా పంచెలు అయిపోయాయి. క్యారియర్ మీద గోనెసంచి వేసి కూర్చోబెట్టి ఈ కనుమ ఎక్కించాను. ఎక్కేటప్పుడు మాట్లాడింది. కోడిపెట్ట పొదుగుతోంది, గంప బోర్లించమని ఎవరికన్నా చెప్పావా అంది. చెప్పాను అన్నాను, చెప్పలేదు. పైకి వచ్చి చూస్తే బండ పక్కన ఏమీ లేదు. నేల. కొమ్మల పంగలు గీసిన గీతలు, అంతే. "కొమ్మ లేదా?" అంది. వస్తుంది, ఎవరో ఒకరు తెస్తారు అన్నాను. ఎవరు తెస్తారు? కాసేపు చూశాను. ఎంతసేపు చూస్తాం? బ్రేకులు పట్టుకుని, సీటుకి ఛాతీ ఆనించి, మడమలు నాపరాతికి తన్నిపెట్టి దిగడం మొదలుపెట్టాను. రబ్బర్లు కాలాయి. సైకిల్ నన్ను ఈడ్చింది. ఒక మలుపులో ఆమె జారింది, పట్టుకున్నాను, సైకిల్ లోయ వైపు పడిపోయింది. పడిపోనిచ్చి ఆమెను భుజాన వేసుకున్నాను. బరువు లేదు. అంత బరువు లేని మనిషి కాదు ఆమె. రోడ్డు మీదికి వచ్చేసరికి దుమ్ము ఇంకా గాలిలో నిలబడి ఉంది. మాచర్ల బస్సు అప్పుడే పోయింది. కొంచెం ముందు. కొమ్మ ఉండి ఉంటే అందే బస్సు.

హజ్రా బీ టీ కొట్టు ముందు బల్ల ఉంది. దాని మీద పడుకోబెట్టాను. హజ్రా బీ చెంగుతో విసిరింది, గ్లాసుతో నీళ్ళు పోసింది, నీళ్ళు దవడ పక్క నుంచి కారిపోయాయి. నేను పొయ్యి వైపు చూశాను. ఎందుకు చూశానో. పొయ్యిలో చండ్ర కొమ్మ మండుతోంది. పంగ కాలిపోయింది, మొదలు బయటికి ఉంది, మొదట్లో తాడు ఒరుసుకుని పడిన గాడి. దాని మీద టీ మరుగుతోంది. ఎవరిచ్చారు అన్నాను. "మీ చిన్నప్పే. పొద్దున బొండాలు తిని, టీ తాగి, కట్టె ఉంచుకో బీబీ, మండుద్ది అని ఇచ్చి లారీ ఎక్కిపోయాడు" అంది. సైకిల్ కొట్టు వెనక వదిలేసి పోయాడు. నాలుగు రోజులు లారీ లోడింగు పని దొరికిందట. తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒక కొమ్మ చూసుకుంటాననుకున్నాడట. అక్క సంగతి తనకేం తెలుసునట. ఒక గ్లాసు టీకి. నేను మళ్ళీ ఆ బల్ల వైపు చూసేసరికి హజ్రా బీ విసరడం మానేసింది.

సమాధి దగ్గర అతన్ని మట్టి వేయనివ్వలేదు. చేతిలో మన్ను పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి పట్టుకుని మన్ను విదిలించాను. ఫాదర్ గారు చూసి తల తిప్పుకున్నారు. ఆ తర్వాత చాలాసార్లు చెప్పారు, శౌరీ, నువ్వు పూజకొస్తావు, పరలోక జపంలో సగం చెప్పి నోరు మూస్తావు, నేను చూస్తూనే ఉన్నాను అని. చూడనీ. మా అప్పుబడినవారిని మేము మన్నించునట్లు అనే ఆ ఒక్క వాక్యం దగ్గర నా నోరు రాదు. అబద్ధం చెప్పడం కంటే మూసుకోవడం మేలు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఓట్లకి వచ్చినవాళ్ళు కనుమ కింద జీపు ఆపి, పైకి చూసి, ఇక్కడ రోడ్డు పడుద్ది అని చెప్పి వెళ్ళిపోయారు, పడలేదు. పడకపోతే పోనీ. చిన్నప్ప బతికి ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, పొలం చేస్తాడు, పెళ్ళి చేసుకున్నాడు, నవ్వుతాడు, కంచె అవతల ఆ నవ్వు వినపడుతుంది, నేను అప్పుడు గిన్నెలు గట్టిగా కడుగుతాను. నేను రోజూ లేవడానికి కారణం ఉంది. చాలామందికి అది కూడా లేదు.

దగ్గరికి వచ్చారు. ఆమె మూలుగు వినపడుతోంది, చక్రం రాయి ఎక్కినప్పుడల్లా. హన్నమ్మ పొరుగూరి మనిషి, కరుణమ్మని ఎరగదు. పెళ్ళై వచ్చిన కొత్తలో కంచె మీద నుంచి గోంగూర పచ్చడి గిన్నె పెట్టింది, నేను తీసుకోలేదు, కుక్క తిన్నది. మర్నాడు మళ్ళీ పెట్టింది. "కుక్కకి బాగా నచ్చినట్టుంది అన్నా, ఈసారి కారం తగ్గించా" అంది. ఆ తర్వాత తీసుకున్నాను. గిన్నె కడిగి కంచె మీద బోర్లిస్తాను. ఆమెతో మాట్లాడతాను, అతనితో మాట్లాడను, మధ్యలో అతను ఉన్నా సరే.

చిన్నప్ప హ్యాండిల్ బండకి ఆనించాడు. చెమట గడ్డం నుంచి కారుతోంది. బండ పక్కన నేల చూశాడు. తర్వాత నా ఒడి చూశాడు. నన్ను చూడలేదు. నేను అతని ముఖమే చూస్తున్నాను. ఏమీ కాలేదు అందులో. విరగలేదు, తెల్లబోలేదు. ఇది ఎప్పుడో ఒకనాడు జరుగుతుందని ముందే తెలిసినవాడిలా ఉన్నాడు. నాకు దక్కాల్సింది అది కూడా దక్కనివ్వలేదు. "పట్టుకో" అన్నాడు పెళ్ళాంతో, ముందు చక్రం నాపరాతి మీదికి తిప్పాడు. కొమ్మ లేకుండా.

"ఆగయ్యా" అంది హన్నమ్మ. తల ఎత్తి నన్ను చూసింది, పెదవులు తెల్లగా ఉన్నాయి. "అన్నా, పండ్లు అమ్మబోతన్నావా?"

"ఊ."

"మంచియ్యేనా?"

"కోతులు తినంగా మిగిలినయ్."

నవ్వబోయింది. నొప్పి వచ్చి నవ్వు మధ్యలో ఆగింది. స్ప్రింగుల మీద వేళ్ళు బిగుసుకున్నాయి. వేళ్ళకి నూనె. నేను చూడకూడదనుకున్నాను, చూశాను.

"అడగమను" అన్నాను.

"ఎవర్ని?"

"నీ మొగుణ్ణి. నోరుందిగా."

అతను వీపు నా వైపు పెట్టి నిలబడ్డాడు. ఈగలు పండ్ల మీద నుంచి లేచి మళ్ళీ వాలాయి. "బావా" అన్నాడు. ఆ మాట ఆ గొంతులో విని ఎన్నేళ్ళైంది. "కొమ్మియ్యి బావా."

లేచాను. నేనే కట్టాను. అతని ముడి నమ్మను, బిగదీసి చావుముడి వేస్తాడు, కొమ్మ రాళ్ళలో ఇరుక్కుంటే సైకిల్ తిరగబడుతుంది. లాగితే ఊడే ముడి వేశాను, కొస హన్నమ్మ చేతికిచ్చాను. ఇరుక్కుంటే లాగు అని చెప్పాను. కొమ్మ ఇచ్చింది హన్నమ్మకి, ఆ గోంగూరకి. అతనికి ఏమీ ఇవ్వలేదు. ఎవరన్నా చూసి శౌరి మనసు మారిందనుకుంటే అది వాళ్ళ తెలివి.

"కిందికి పోయినాక దీన్నేం చేస్తావు?" అన్నాను. మొదటిసారి సూటిగా అతన్ని అడిగాను.

నన్ను చూశాడు అప్పుడు. "బీబీ కాడ పెట్టిపోతా. పొయ్యిలో పెట్టొద్దని చెప్తా."

సీటెక్కాడు. వాలులోకి దిగాడు. గరగర మొదలైంది. మొదటి మలుపు, ఆమె కొంగు కనపడింది, తర్వాత చప్పుడు మాత్రమే. ఎగిరెగిరి పడలేదు. ఒకే తీరుగా దిగుతోంది, ఏసయ్యకంటే బాగా, నాకంటే బాగా. కరుణమ్మ ఉంటే ఎవరో చెప్పలేకపోయేది. రెండో మలుపు, నేను సైకిల్ పారేసిన మలుపు, అక్కడ నెమ్మదించింది, దాటింది. చప్పుడు సన్నబడి, ఇంకా సన్నబడి, కింద సాపు నేల మీదికి పోయి ఆగింది. చేరారు. బస్సుకి ఇంకా టైముంది, పొద్దు చూస్తే తెలుస్తోంది. టీ కొట్టు ముందర వంపు దగ్గర డ్రైవర్లు హారన్ కొడతారు, అది కనుమ మీదికి వినపడుతుంది. విని పోదామని నిలబడ్డాను. పొద్దు వాలింది. హారన్ లేదు. కాకులు అరిచాయి. గంపల నీడ పక్కకి జరిగింది. పండ్లు పగలడం మొదలైంది. హారన్ లేదు. గంపలు దించి బండ నీడన పెట్టి, వట్టి సైకిల్‌తో, బ్రేకులు పట్టుకుని, సగం తోసుకుంటూ దిగాను. ఎందుకు దిగుతున్నానని అడుగుతూనే దిగాను.

హన్నమ్మ బల్ల మీద ఉంది. అదే బల్ల. బల్లకి ఒక కాలు మార్చారు, పలక అదే. హజ్రా బీ చెంగుతో విసురుతోంది. చిన్నప్ప రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. కొమ్మ కొట్టు లోపల గుంజకి ఆనించి ఉంది, తాడు మొదలుకి చుట్టి.

"బస్సేది?" అన్నాను.

"రాలేదు భయ్యా. సాగర్‌లోనే ఆగిపోయిందంట. రాని రోజులు బోలెడు, నీకు తెలీందేముంది" అంది హజ్రా బీ. కొమ్మ వైపు గడ్డం చూపించింది. "పెళ్ళాం అట్టా పడుంటే మీ బామ్మర్ది నన్ను ఆ కట్టెకి కాపలా పెట్టాడు. ముట్టుకోనియ్యడు."

నాపరాళ్ళ లారీ వచ్చింది. చిన్నప్ప చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. లారీ పక్కనుంచి మన్ను మీదికి దిగి, అతన్ని తప్పించుకుని, ఆగకుండా పోయింది. దుమ్ము లేచింది. రోడ్డంతా, కొట్టంతా, బల్ల మీద మనిషి కనపడనంత. లారీ పోయాక కూడా గాలిలో నిలబడే ఉంది, ఎర్రగా, కదలకుండా. అదే దుమ్ము. ఆ రోజు నేను చూసింది దుమ్మునే. బస్సుని చూడలేదు. బస్సు పోయిందని ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, దుమ్ము చూసి బస్సనుకున్నాను.

"బీబీ, ఆ రోజు బస్సొచ్చిందా?"

"ఏ రోజు?"

ఆమె బల్ల వైపు చూసింది, అర్థమైంది. విసరడం ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. "గుర్తులేదు భయ్యా. వచ్చే ఉంటది" అంది. నా ముఖం చూసి అంది ఆ రెండో మాట.

వచ్చే ఉంటుంది. వచ్చింది. కొమ్మ ఉంటే అందేది. అందకపోతే నేను ఇన్నాళ్ళు ఏం చేశాను? కొమ్మ ఉంది ఈ రోజు. కట్టాను. బాగా దిగారు. మాట నిలబెట్టుకున్నాడు. గుంజకి ఆనించి పెట్టాడు. అయినా ఆమె ఈ బల్ల మీదే ఉంది. చిన్నప్ప వెనక్కి తిరిగి నన్ను చూశాడు, చేతులు ఇంకా చాపే ఉన్నాయి, దించడం మరిచిపోయాడు. నేను అతన్ని తిట్టడానికి ఒక మాట వెతుక్కున్నాను. లోపల ఎప్పుడూ ఉండే మాటలు. ఒక్కటీ లేదు.

"అన్నా." హన్నమ్మ కళ్ళు తెరవలేదు. "కొమ్మ పైన పెట్టు. మా అమ్మ వెనకాల వస్తంది. మాబున్నీసా కొడుకు మహమూద్ సైకిల్ మీద ఎక్కించుకొస్తన్నాడు. పైన కొమ్మ లేకపోతే..."

మిగతాది చెప్పనక్కర్లేదు.

గుంజ దగ్గర నుంచి కొమ్మ తీసుకున్నాను. నా క్యారియర్ మీద పెట్టి, తాడు రెండు చుట్లు చుట్టి, ముడి వేసి కనుమ వైపు తిరిగాను. తోసుకుంటూ ఎక్కుతున్నాను. రోడ్డు మీద ఇంకో లారీ వస్తే ఇక్కడికి వినపడుతుంది, ఆగితే అది కూడా వినపడుతుంది. ఒక మలుపు దాటాను. నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ఎక్కేటప్పుడు కొమ్మ చప్పుడు చెయ్యదు.